సంతకం లేని కుర్చీ

టేకు కాళ్లు, పేము అల్లిక, వీపు వెనకాల రంగుతో రాసిన ఆఫీసు నంబరు... ఒకప్పుడు చండీగఢ్‌లో ఏ ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లినా కనిపించిన కుర్చీ అది. పాతబడిందని వందల రూపాయలకు వదిలించుకుంటే, విదేశీ వేలంశాలల్లో లక్షలు పలికింది. దాని వెనకున్న పియెర్ జానరే పేరు మాత్రం మనలో చాలామంది విని ఉండరు.

వేలంశాలలో వెలుగంతా ఒకే వస్తువు మీద పడుతోంది. తెల్లటి దిమ్మె మీద నిలబెట్టిన ఓ చెక్క కుర్చీ. బంగారు తొడుగుల్లేవు. నగిషీలు లేవు. ఏ రాజుగారో కూర్చున్నదీ కాదు. లావుపాటి టేకు కాళ్లు, పేముతో అల్లిన సీటు, అలాంటిదే ఓ వీపు... అంతే. అయినా పాట మొదలవగానే చేతులు లేస్తాయి. ఫోన్లో ఒకరు, హాల్లో ఇంకొకరు పోటాపోటీగా ధర పెంచుతూ పోతారు. సుత్తి దెబ్బ పడేసరికి మన లెక్కలో లక్షల రూపాయలు!

అలాంటి కుర్చీని కొనేవాళ్లు ముందుగా తిప్పి చూసేది దాని వెనకభాగాన్ని. అక్కడ రంగుతో రాసిన కొన్ని అక్షరాలు, పక్కన ఓ నంబరు ఉంటాయి. అవి కళాకారుడి సంతకం కాదు. ఏ కాలేజీ కుర్చీ, ఏ ఆఫీసు బల్ల అన్నది కలిసిపోకుండా ఉండటానికి ప్రభుత్వ సిబ్బంది వేయించిన గుర్తు. మన బడుల్లో బెంచీలకు, ఆస్పత్రుల్లో మంచాలకు వేసేలాంటిదే. ఇప్పుడు అసలుకీ నకిలీకీ తేడా చెప్పే ఆధారాల్లో అదొకటి!

ఆ కుర్చీ పుట్టింది చండీగఢ్‌లో. దాని రూపకర్తగా వేలంపాటల కేటలాగుల్లో కనిపించే పేరు పియెర్ జానరే. స్విట్జర్లాండ్‌లో పుట్టి, పారిస్‌లో ఎదిగి, మన దేశంలో పద్నాలుగేళ్లు ఉద్యోగం చేసి వెళ్లిన ఆర్కిటెక్టు. చండీగఢ్ అనగానే అందరికీ గుర్తొచ్చే లె కార్బూజియేకు ఆయన వరసకు తమ్ముడు. జీవితమంతా అన్న నీడలో గడిచిపోయింది. ఆయన తయారుచేయించిన కుర్చీల కథ కూడా దాదాపు అలాంటిదే.

అన్న వెలుగు... తమ్ముడు నీడ

జానరే 1896 మార్చి 22న జెనీవాలో పుట్టాడు. అక్కడే ఆర్కిటెక్చర్ చదివి పారిస్ చేరాడు. కాంక్రీటు భవనాలకు పేరుపడ్డ పెరే సోదరుల దగ్గర కొన్నాళ్లు పనిచేశాడు. 1922లో వరసకు అన్న అయిన షార్ల్ ఎడ్వార్ జానరేతో కలిశాడు. ఆ అన్నే అప్పటికి లె కార్బూజియే అనే కలం పేరుతో పేరు తెచ్చుకుంటున్న మనిషి. ఇద్దరూ పారిస్‌లోని సేవ్ర్ వీధిలో 35వ నంబరు భవనంలో ఆఫీసు పెట్టారు.

ఇద్దరి స్వభావాలూ వేరు. అన్నకు మాట, రాత, ప్రచారం వెన్నతో పెట్టిన విద్య. తమ్ముడిది చేతిపని. గీతలోకి వచ్చిన ఆలోచనను కొలతల్లోకి, కొలతల్లోంచి కట్టడంలోకి తేవడం ఆయనకు ఇష్టం. పారిస్ శివార్లలో స్తంభాల మీద తేలుతున్నట్టుండే 'విల్లా సవోయ్' ఆధునిక వాస్తుకు ఆనవాలుగా చెప్పుకునే ఇల్లు. ఆ ఇంటి రూపకల్పనలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. జనం నోట్లో నానింది మాత్రం ఒక్క పేరే.

ఫర్నిచర్‌లోనూ అంతే. షార్లోట్ పెరియాన్ అనే యువ డిజైనర్ 1927లో వాళ్ల ఆఫీసులో చేరింది. ముగ్గురూ కలిసి స్టీలు గొట్టాలతో కుర్చీలు, పడక కుర్చీలు తయారుచేసి 1929లో పారిస్ ప్రదర్శనలో పెట్టారు. ఈ రోజుకీ పెద్ద పెద్ద కంపెనీల లాబీల్లో కనిపించే నల్లతోలు సోఫాల మూలం అక్కడే ఉంది. ఆ తర్వాత దశాబ్దాల్లో అవి మార్కెట్లోకి వచ్చింది 'ఎల్‌సీ' అన్న పేరుతో. లె కార్బూజియే అన్నమాట. మిగిలిన ఇద్దరూ కొరవలే!

1940లో జర్మన్ సేనలు పారిస్‌లో అడుగుపెట్టాక అన్నదమ్ముల దారులు వేరయ్యాయి. లె కార్బూజియే పనుల కోసం విషీ ప్రభుత్వం చుట్టూ తిరిగాడు. అది నాజీలతో చేతులు కలిపిన ప్రభుత్వం. జానరే గ్రెనోబుల్ వెళ్లి, జాన్ ప్రూవేలాంటి వాళ్లతో కలిసి పనిచేస్తూ ప్రతిఘటన ఉద్యమంలో చేరాడు. ఆ చీలిక పదేళ్లపాటు అలాగే ఉండిపోయింది. ఈలోగా ఆయన సొంతంగా గీసిన ఓ చెక్క కుర్చీని అమెరికాకు చెందిన నోల్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చింది. కత్తెరలా ఒకదాన్నొకటి దాటుకునే కాళ్లున్న కుర్చీ అది. తర్వాత చండీగఢ్‌లో చేసిన వాటికి బీజం అందులో కనిపిస్తుంది.

మళ్లీ ఆ ఇద్దరినీ కలిపింది పారిస్ కాదు... పంజాబ్.

రాజధాని లేని రాష్ట్రం

1947లో దేశ విభజన జరిగింది. లాహోర్ పాకిస్థాన్‌కి పోయింది. ఇటువైపు మిగిలిన పంజాబ్‌కు రాజధాని లేదు. కోర్టు, సెక్రటేరియట్, యూనివర్సిటీ... అన్నీ అటే ఉండిపోయాయి. లక్షలాది శరణార్థులు మాత్రం ఇటు వచ్చారు. శివాలిక్ కొండల అంచున కొత్త నగరం కడదామని తీర్మానించారు. పాత సంప్రదాయాల సంకెళ్లు లేని ఊరు కావాలన్నది నెహ్రూ కోరిక.

అమెరికన్ ప్లానర్ ఆల్బర్ట్ మేయర్, పోలెండ్‌లో చదివిన ఆర్కిటెక్టు మాథ్యూ నోవిట్స్కీ పని మొదలెట్టారు. 1950లో నోవిట్స్కీ విమాన ప్రమాదంలో చనిపోయాడు. దాంతో పంజాబ్ అధికారి పి.ఎన్.థాపర్, చీఫ్ ఇంజినీర్ పి.ఎల్.వర్మ కొత్తవాళ్లను వెతుక్కుంటూ యూరప్ వెళ్లారు. బ్రిటిష్ దంపతులు మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ ఒప్పుకున్నారు. లె కార్బూజియే కూడా ఒప్పుకున్నాడు. కానీ ఆయన పారిస్ వదిలి రాడు. ఏడాదికి రెండుసార్లు, నెలేసి రోజులు మాత్రం వస్తానన్నాడు. మరి మిగతా పది నెలలూ ఎండలో నిలబడి పని చూసేదెవరు?

పదేళ్లుగా దూరమైన తమ్ముడే!

1951లో జానరే వచ్చేనాటికి ఆయన వయసు 55కు దగ్గర. ఒప్పందం మూడేళ్లు. ఫ్రై, డ్రూ దంపతులు 1954లో వెళ్లిపోయారు. జానరే వెళ్లలేదు. ఒక్కో ఏడాదీ గడుస్తూ పద్నాలుగేళ్లు ఉండిపోయాడు. చీఫ్ ఆర్కిటెక్టు అయ్యాడు. అసెంబ్లీ, హైకోర్టు, సెక్రటేరియట్ లాంటి మహా కట్టడాలు అన్నవి. మామూలు జనం రోజూ వాడే ఇళ్లు, బడులు, హాస్టళ్లలో చాలావరకు తమ్ముడివి. ముఖ్యమంత్రి నుంచి బంట్రోతు దాకా ఉద్యోగుల హోదాను బట్టి 13 రకాల ఇళ్లు అనుకున్నారు. వాటిని జానరే, ఫ్రై, డ్రూ పంచుకుని గీశారు. సిమెంటు, ఉక్కు ఖరీదు. ఇటుక చవక. అందుకే ఇటుకతోనే గోడ, ఇటుకతోనే గాలి ఆడే జాలీ. పంజాబ్ యూనివర్సిటీ ప్రాంగణాన్ని బి.పి.మాథుర్‌తో కలిసి తీర్చిదిద్దాడు. నీటి మధ్య విచ్చుకున్న తామరలా కనిపించే గాంధీభవన్ అక్కడిదే.

కొత్త ఊరు... కూర్చోవడానికేదీ?

ఊరంటే గోడలొక్కటే కాదు కదా! సెక్రటేరియట్ ఒక్కదానిలోనే వేలమంది ఉద్యోగులు. వాళ్లకు కుర్చీలు, బల్లలు, బీరువాలు కావాలి. కోర్టులో లాయర్లకు, అసెంబ్లీలో సభ్యులకు, లైబ్రరీలో పాఠకులకు, హాస్టల్లో విద్యార్థులకు... ఎవరి అవసరం వాళ్లది. అన్నీ ఒక్కసారే కావాలి. అన్నీ చవగ్గా కావాలి. ఫ్యాక్టరీలు లేవు. దిగుమతి చేసుకునే స్తోమత లేదు.

ఉన్నదల్లా కలప, పేము, వెదురు, తాడు. వాటితో పనిచేయడం తాతల నాటి నుంచీ తెలిసిన వడ్రంగులు.

యూరప్, అమెరికాల్లో అప్పటికే కొత్తరకం ఫర్నిచర్ గాలి వీస్తోంది. పూలూ లతలూ చెక్కిన బరువైన సామాను పోయి, గీత గీసినట్టుండే తేలికైన రూపాలు వచ్చాయి. వంచిన ప్లైవుడ్, స్టీలు గొట్టాలు, ప్లాస్టిక్... అన్నీ యంత్రాల మీద తయారయ్యేవే. జానరే ఆ రూపాన్ని తెచ్చాడు గానీ ఆ యంత్రాల్ని తేలేదు. ఉలి, రంపం, చిత్రికతో చేయగలిగే పద్ధతిలోకి దాన్ని మార్చాడు. ప్రపంచంలో మరెక్కడా లేని ఫర్నిచర్ తయారైంది అందుకే.

కాళ్ల వెనక లెక్క

చండీగఢ్ కుర్చీని దూరం నుంచి గుర్తుపట్టేది దాని కాళ్లను చూసే. పక్క నుంచి చూస్తే తిరగేసిన 'వి' అక్షరంలా ఉంటాయి. పిల్లల జామెట్రీ బాక్సులోని వృత్తలేఖినిని తెరిచి నిలబెట్టినట్టు అన్నమాట. అది సోకు కోసం పెట్టింది కాదు. నాలుగు పలకల చట్రాన్ని పక్కకు నెడితే ఒరుగుతుంది. త్రిభుజం ఒరగదు. రెండు కాళ్లూ పైన కలిసి, అడ్డకర్రతో బిగిస్తే ఏర్పడేది త్రిభుజమే. రోజుకు ఎనిమిది గంటలు కూర్చుని, వెనక్కి వాలి, ఈడ్చి, మళ్లీ కూర్చునే ఆఫీసు కుర్చీకి కావలసింది ఆ గట్టిదనమే.

కలప విషయానికొస్తే ఎక్కువగా టేకు, కొన్నింటికి శీషమ్. చండీగఢ్ వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వెంటనే వానాకాలపు తేమ. ఆపైన చలి. చవకరకం చెక్క ఒకసారి ఉబ్బి, ఒకసారి ఎండి పగిలిపోతుంది. టేకు తట్టుకుంటుంది. చెదలు కూడా అంత తొందరగా దాని జోలికి రావు. సీటుకు, వీపుకు పేము అల్లిక. చెమట పట్టే ఎండల్లో గాలి అటూ ఇటూ ఆడుతుంది. పదేళ్లకు పేము తెగినా కుర్చీని పారేయనక్కర్లేదు. ఊళ్లో అల్లేవాళ్లు ఉంటారు. సాయంత్రానికి కొత్తదైపోతుంది.

ఒక్క కాలు నమూనా కుదిరాక అదే కాలితో చేతులున్న కుర్చీ, పడక కుర్చీ, బెంచీ, డెస్కు... ఎన్ని రకాలైనా చేయొచ్చు. వడ్రంగికి కొత్తగా నేర్పక్కర్లేదు. కొలతలు మారతాయంతే. పై అధికారికి, గుమాస్తాకు ఇచ్చే కుర్చీల్లో మెత్తలు, తోలు తేడా ఉంటే ఉండొచ్చుగానీ, ఇద్దరివీ ఒక కుటుంబానివే అని చూడగానే తెలిసిపోతుంది.

తన ఇంటి కోసం జానరే ఇంకా చవకగా చేసుకున్నాడు. వెదురు, తాడు, చెక్కముక్కలతో ప్రయోగాలు చేశాడు. సుఖ్నా సరస్సులో తిరగడానికి తొక్కుడు పడవ కూడా సొంతంగానే తయారుచేసుకున్నాడు. బ్రహ్మచారి. సెక్టార్-5లో 57వ నంబరు ఇల్లు ఆయన లోకం.

ఒక్కడి చేయి కాదు

ఇంతకీ ఈ కుర్చీలన్నీ జానరే ఒక్కడే గీశాడా? కాదు. ఇక్కడే కథ ఇంకో మలుపు తిరుగుతుంది.

రాజధాని ప్రాజెక్టు ఆఫీసులో ఆయన చుట్టూ పాతికా ముప్ఫై ఏళ్ల భారతీయ ఆర్కిటెక్టులు ఉండేవారు. ఎం.ఎన్.శర్మ, ఎ.ఆర్.ప్రభావల్కర్, జీత్ మల్హోత్రా, బి.పి.మాథుర్, ఆదిత్య ప్రకాశ్... వాళ్లలో ఓ మహిళ కూడా. పేరు ఉర్మిళ యూలీ చౌధురి. 1923లో పుట్టారు. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో ఆర్కిటెక్చర్ చదివారు. 1951లో చండీగఢ్ బృందంలో చేరారు. ఫ్రెంచి వచ్చు కాబట్టి లె కార్బూజియేతో ఉత్తర ప్రత్యుత్తరాలకూ ఆమే వారధి. ఆ తర్వాతి కాలంలో హరియాణా, చండీగఢ్, పంజాబ్‌లకు చీఫ్ ఆర్కిటెక్టుగా పనిచేశారు. చండీగఢ్ ఫర్నిచర్ రూపకల్పనలో ఆమె చేయి, మల్హోత్రా చేయి కూడా ఉన్నాయని పరిశోధకులు చెబుతారు. ఏ కుర్చీలో ఎవరి పాలు ఎంతన్నది తేల్చడం కష్టం. ఎందుకంటే ఎవరూ సంతకం పెట్టుకోలేదు. అది ప్రభుత్వ ఉద్యోగం. జీతానికి చేసిన పని.

వడ్రంగుల సంగతి సరేసరి. టెండరు ఎవరికొస్తే ఆ షాపులో పని జరిగేది. ఒకే నమూనాకు ఒకరు కాస్త లావు కాలు పెడితే, ఇంకొకరు సన్నగా చేశారు. ఒక చోట సీటు రెండంగుళాలు ఎత్తు, మరోచోట పల్లం. అందుకే ఒకే కుర్చీ రెండు చోట్ల రెండు రకాలుగా కనిపిస్తుంది. వేలంశాలల వాళ్లు దీన్ని 'చేతిపని సొగసు' అని మురిసిపోతారు. ఆ చేతులు ఎవరివో మాత్రం ఏ కేటలాగులోనూ ఉండదు.

తమ్ముడి పేరును అన్న పేరు కప్పేసింది. చిత్రమేమిటంటే, ఇప్పుడు 'పియెర్ జానరే' అన్న పేరు యూలీ చౌధురి పేరును, ఆ వడ్రంగుల పేర్లను కప్పేస్తోంది. సంతకం లేని వస్తువుకు, మార్కెట్ తనకు అనుకూలమైన ఓ సంతకం పెట్టేస్తుంది మరి!

తుక్కు కుప్పలోంచి...

1965లో జానరే ఆరోగ్యం దెబ్బతింది. ఆ ఏడాదే దేశం వదిలి జెనీవా వెళ్లిపోయాడు. ఆగస్టు 27న ఫ్రాన్స్‌లో లె కార్బూజియే కన్నుమూశాడు. చీఫ్ ఆర్కిటెక్టు కుర్చీలో మొదటిసారి ఓ భారతీయుడు, ఎం.ఎన్.శర్మ కూర్చున్నారు. ఊరు తన పనిలో తాను పడిపోయింది.

ముప్ఫై ఏళ్లు గడిచాయి. టేకు కుర్చీల పేము చిరిగింది. కాళ్లు వదులయ్యాయి. ఆఫీసుల్లోకి చక్రాల కుర్చీలు, రెగ్జిన్ సీట్లు, స్టీలు బీరువాలు వచ్చాయి. పాత సామానును ఏం చేస్తారు? మేడల మీదికి ఎక్కించారు. కాలేజీల వెనకాల కుప్పపోశారు. కొన్ని వానకు తడిసి కుళ్లాయి. ప్రభుత్వ నిబంధనల ప్రకారం పనికిరావని కాగితం మీద రాసి, ఏటా వేలం వేసేవారు. పాత సామాను వ్యాపారులు వచ్చి లాట్ల లెక్కన పట్టుకెళ్లేవారు. ఒక్కో కుర్చీకి వందల రూపాయలు వస్తే గొప్ప.

1990ల చివర్లో ఆ వేలంపాటల్లో కొత్త ముఖాలు కనిపించాయి. పారిస్ నుంచి వచ్చిన ఫర్నిచర్ డీలర్లు. ఎరిక్ టూషలోమ్ లాంటివాళ్లు అన్నమాట. వాళ్లు దొంగతనం చేయలేదు. ప్రభుత్వమే అమ్ముతానంటే రసీదు తీసుకుని కొన్నారు. కంటైనర్లలో ఫ్రాన్స్‌కి పంపారు. అక్కడ పాలిష్ పెట్టించి, కొత్త పేము అల్లించి, ప్రదర్శనలు పెట్టారు. పుస్తకాలు అచ్చువేశారు. ఒక్కో నమూనాకూ ఓ కోడ్ ఇచ్చారు. మన గుమాస్తాలు కూర్చున్న మామూలు పేము కుర్చీ అక్కడ 'పీజే-ఎస్ఐ-28-ఏ' అయిపోయింది! చూస్తుండగానే సినీతారల ఇళ్లలోకి, కోటీశ్వరుల పడవల్లోకి చేరింది. ఆఖరికి నగర పటం పోతపోసిన చండీగఢ్ మ్యాన్‌హోల్ మూతలు కూడా వేలానికి వెళ్లాయి.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. పొరుగువాడు ఆ చెట్టును వేళ్లతో సహా పెకలించుకుపోయి సీసాల్లో పోసి అమ్మితే గానీ, అది మందని మనకు తెలియలేదు.

డీలర్లు చెప్పే మాట వేరు. 'మేం కొనకపోతే అవి పొయ్యిలో కట్టెలయ్యేవి. కాపాడింది మేమే' అన్నది వాళ్ల వాదన. వినడానికి కష్టంగా ఉన్నా, అందులో నిజం లేకపోలేదు.

ఈ ప్రయాణాన్ని అమెరికన్ కళాకారిణి ఏమీ సీగెల్ 2013లో 'ప్రొవెనెన్స్' అనే సినిమాగా తీసింది. అందులో కథ వెనక్కి నడుస్తుంది. ముందు విదేశాల్లోని ఖరీదైన ఇళ్లలో కుర్చీలు కనిపిస్తాయి. తర్వాత వేలంశాల, బాగుచేసే షాపు, ఓడ... చివరికి చండీగఢ్. ఆమె అంతటితో ఆగలేదు. ఆ సినిమా కాపీనే అదే ఏడాది అక్టోబరులో లండన్‌లోని క్రిస్టీస్ వేలంలో పెట్టి అమ్మేసింది!

వయసు చాలని వారసత్వం

గగ్గోలు మొదలయ్యాక ప్రభుత్వం మేల్కొంది. ఈ ఫర్నిచర్‌ను అమ్మడం, దేశం దాటించడం కుదరదని 2011లో కేంద్ర హోంశాఖ ఉత్తర్వు ఇచ్చింది. ఆఫీసులు, కాలేజీలు, కోర్టులు గాలించి లెక్క తీస్తే వారసత్వ సామగ్రి కింద 12,793 వస్తువులు తేలాయి. ఇప్పుడు ఎక్కడేముందో జాబితా ఉంది. కాలు విరిగినా పారేయకుండా బాగుచేయించాలన్న ఆలోచన వచ్చింది.

అయినా విదేశాల్లో వేలంపాటలు ఆగలేదు. కారణం చట్టంలోనే ఉంది. 1972 నాటి పురావస్తు, కళాఖండాల చట్టం ప్రకారం ఓ వస్తువు పురావస్తువు కావాలంటే వందేళ్లు నిండాలి. రాతప్రతుల్లాంటి వాటికైతే 75 ఏళ్లు. చండీగఢ్ కుర్చీల్లో అన్నిటికన్నా పాతవి కూడా 1950ల నాటివే. వందేళ్లు నిండేసరికి ఈ శతాబ్దం సగం దాటిపోతుంది. పైగా 2011కు ముందు వెళ్లినవాటిలో చాలావాటికి ప్రభుత్వ వేలం రసీదులే ఉన్నాయి. 'మావి మాకిచ్చేయండి' అని అడగాలంటే ముందు 'మీరే కదా అమ్మారు' అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి.

ధర పెరిగేకొద్దీ కొత్త తలనొప్పులు. కాలేజీల్లోంచి, ఆఫీసుల్లోంచి కుర్చీలు మాయమవడం మొదలైంది. నకిలీలు పుట్టుకొచ్చాయి. కొత్త చెక్కకు పాత రంగు పూసి, వెనకాల నంబరు రాసి అంటగట్టేవాళ్లు తయారయ్యారు. ఇంకోవైపు, ఇవి కొత్తవేనని చెప్పి చేసేవాళ్లూ ఉన్నారు. బెంగళూరుకు చెందిన ఫాంటమ్ హ్యాండ్స్ సంస్థ మన పనివాళ్లతోనే ఈ నమూనాలను మళ్లీ తయారుచేయిస్తోంది. ఇటలీలోని కసీనా కంపెనీ 2019లో జానరేకు నివాళి అంటూ ఓ వరస కుర్చీలు విడుదల చేసింది. 'ఎల్‌సీ' సోఫాలు అమ్మిన కంపెనీ అదే! తొంభై ఏళ్లకు తమ్ముడి పేరు పెట్టె మీదికి ఎక్కింది.

2016లో చండీగఢ్‌లోని క్యాపిటల్ కాంప్లెక్స్‌కు యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. ఏడు దేశాల్లోని 17 కట్టడాలను కలిపి ఇచ్చిన గుర్తింపు అది. వాటిలో జానరే చేయి పడినవి చాలానే ఉన్నాయి. జాబితా శీర్షికలో ఉన్నది మాత్రం 'లె కార్బూజియే వాస్తు కృషి' అనే!

57వ నంబరు ఇల్లు

ఆలస్యంగానైనా సొంత ఊరు ఆయన్ను తలుచుకుంది. సెక్టార్-5లో ఆయన 1954 నుంచి 1965 దాకా ఉన్న ఇంటిని బాగుచేసి, 2017 మార్చి 22న, ఆయన పుట్టినరోజు నాడు మ్యూజియంగా తెరిచారు. ప్రభుత్వ లెక్కల్లో అది '4-జె' రకం ఇల్లు. 'జె' అంటే జానరే. ఆయన పేరులోని ఒక్క అక్షరమైనా అధికారికంగా మిగిలిన చోటు అది. గుండ్రాళ్లు, ఇటుకలు కలిపి కట్టిన గోడలు, ఎండను ఆపి గాలిని వదిలే జాలీలు, లోపల ఆయన కుర్చీలు, బల్లలు, ఉత్తరాలు, ఫొటోలు... అద్దాల వెనక దాచిన ఆడంబరం కాదు. ఓ మనిషి బతికిన ఇల్లు.

అక్కడున్న కుర్చీలను చూస్తే ఓ సంగతి అర్థమవుతుంది. అవి చూడటానికి చేసినవి కావు. దిమ్మె మీద నిలబెట్టి దీపం వేయడానికి అసలే కాదు. ఇల్లూ ఊరూ పోగొట్టుకుని వచ్చిన జనం ఉన్న కొత్త రాష్ట్రంలో, ఓ గుమాస్తా నడుం నొప్పి లేకుండా ఫైలు రాసుకోవడానికి, ఓ విద్యార్థి చెమట పట్టకుండా చదువుకోవడానికి చేసినవి. వాటి విలువ ధరలో లేదు. ధర లేకుండా, అందరికీ అందేలా ఉండటంలో ఉంది. ఆ సంగతి మరచిపోయిన రోజు వాటిని తుక్కుగా చూశాం. ఇప్పుడు లక్షలు పలుకుతున్నాయని బీరువాలో పెట్టి తాళం వేస్తే, అదీ ఒకరకంగా మరచిపోవడమే. పంజాబ్ యూనివర్సిటీలో, కోర్టులో, పాత ఆఫీసుల్లో ఇప్పటికీ కొన్ని కుర్చీలు రోజువారీ పనిలోనే ఉన్నాయి. బహుశా వాటికి దక్కే గౌరవం అదే.

జానరే 1967 డిసెంబరు 4న జెనీవాలో కన్నుమూశాడు. పుట్టిన ఊళ్లోనే పోయాడు. కానీ అక్కడ ఉండిపోవాలనుకోలేదు. తన చితాభస్మాన్ని చండీగఢ్‌లో కలపాలన్నది ఆఖరి కోరిక. 1970లో మేనకోడలు జాక్లిన్ జానరే ఆ భస్మాన్ని తీసుకొచ్చింది. సొంతంగా చేసుకున్న పడవలో ఆయన సాయంత్రాలు తిరిగిన సుఖ్నా సరస్సులోనే కలిపింది.

ఆ నీళ్ల మీద ఆయన పేరు లేదు. సంతకం పెట్టే అలవాటు ఆయనకెప్పుడూ లేదు కదా!